గుల్లలదిబ్బ మీద పిట్టలు

భావనారాయణకు కూర్చోవడం వచ్చు. అతనికి వచ్చిన ఇబ్బందంతా అందులోనే ఉంది.

పొద్దున్నే చాప వేసుకుని కళ్ళు మూసుకున్నాడంటే, ఎండ గుమ్మంలోంచి లోపలికి వచ్చి, గోడ పట్టుకుని పైకి పాకి, తిరిగి వెళ్ళిపోయేదాకా కదిలేవాడు కాదు. ఒక ఆరాధన రోజున అందరూ చూస్తుండగా మెడ మీదికి ఎర్రచీమలు ఎక్కాయి. అతని కనురెప్ప కూడా ఆడలేదు. ఆ రోజు భోజనాల దగ్గర ఒకాయన వచ్చి అతని కాళ్ళకు దండం పెట్టాడు. వద్దండీ అన్నాడు భావనారాయణ. కానీ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

అంతకు ముందు అతన్ని ఎవరూ దేనికీ మెచ్చుకున్నది లేదు. టౌన్లో ఇనప సామాన్ల కొట్టు నడిపేవాడు. విపరీతమైన కోపం. కొట్టులో కుర్రాళ్ళు నిలిచేవాళ్ళు కాదు, తమ్ముడితో మాటలు లేవు. ఒకరోజు ఒక ముసలి కొనుగోలుదారు మీద కేకలేసి, ఆయన మెట్ల మీద తడబడి పడిపోతే చూసి, కొట్టుకు తాళం వేసి నేరుగా ఈ ఆశ్రమానికి వచ్చేశాడు. ఇక్కడ కళ్ళు మూసుకుని కూర్చుంటే లోపల కోపం అడుక్కి దిగడం అతనికే తెలిసింది. బతుకులో మొదటిసారి ఒక పని చేతనైంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

ఆశ్రమం అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక పెంకుటిల్లు, రెండు తాటాకు పాకలు. ముందు ఉప్పుటేరు, ఏటికి అవతల మడ అడవి. ఆ అడవినీ, సముద్రంలో ఏరు కలిసే మొగనీ కలిపి ప్రభుత్వం అభయారణ్యం చేసింది. గురువుగారి పేరు నూకయ్య. వయసులో ఉండగా పడవలు కట్టేవారు. ఆయనది విగ్రహాలూ పూజలూ లేని అచల మార్గం. బోధలు తక్కువ, పనులు ఎక్కువ. ఎండాకాలంలో అడవిలో మంచినీటి చెలమలు ఎండిపోతే నక్కలకీ బావురుపిల్లులకీ పిట్టలకీ సిమెంటు తొట్లలో నీళ్ళు పోయాలి. ఏట్లో చిక్కుకుని ఉండిపోయిన పాత వలలు లాగెయ్యాలి, లేకపోతే నీటికుక్కల పిల్లలు వాటిలో పడి చస్తాయి. శిష్యులందరూ ఆ పనులకు వెళ్ళేవారు. భావనారాయణా వెళ్ళేవాడు, కానీ అతని మనసంతా చాప మీదే ఉండేది.

ఆ ఏడు వేసవి సెలవులకు జనం మరీ ఎక్కువగా వచ్చారు. మడ చెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద పొద్దస్తమానం నడకలు, ఫొటోలు, ఐసుక్రీమ్ బండి గంట. బురదలో గెంతే చేపల్ని చూసి పిల్లలు కేకలు. పడవ ఇంజన్లు. ఇటు పాకలో వంటగిన్నెల చప్పుడు.

భావనారాయణ గురువుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఇక్కడ కూర్చోలేకపోతున్నానండి."

"ఏం?"

"గోల."

ఆయన తెడ్డుకు అతుకు వేస్తున్నారు. తల ఎత్తలేదు.

"గుల్లలదిబ్బ మీదికి వెళ్ళొస్తానండి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాను. రోహిణి కార్తె ఎండలో అక్కడ కూర్చోగలిగితే, ఇంక నాకు ఎక్కడైనా ఒకటే."

"అక్కడ ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరండి. అందుకే."

గురువుగారు అతుకు మీద చెయ్యి ఆడించి చూసుకున్నారు. "సరే. ఏసుబాబుని అడుగు," అన్నారు.

ఏసుబాబు అభయారణ్యంలో వాచరు. మొగ దగ్గర సముద్రానికీ ఏటికీ మధ్య పొడుగ్గా పడుకున్న ఇసుకమేటే గుల్లలదిబ్బ. ప్రతి ఎండాకాలం దాని ఉత్తరపు కొసన సముద్రపు పిట్టలు గుడ్లు పెడతాయి. చిన్న తెల్లపిట్టలు, నెత్తిన నల్లటోపీ పెట్టినట్టుంటాయి, ముక్కు పసుపు. గూడు కట్టవు. ఇసుకను పొట్టతో కాస్త గుంట చేసి అందులోనే పెట్టేస్తాయి. అటువైపు ఎవరూ అడుగు పెట్టకుండా ఏసుబాబు గుంజలు పాతి, తాడు కట్టి, ఎర్రగుడ్డలు వేలాడదీశాడు.

"దక్షిణం కొసన కూర్చోండి, పర్లేదు. అటేం ఉండవు," అన్నాడు భావనారాయణతో.

అతను అబద్ధం చెప్పలేదు. అంతకు ముందు ఏడాది దాకా అక్కడ ఏమీ ఉండేవి కావు. ఈసారి వేసవి మొదట్లో వచ్చిన పోటుకి ఉత్తరపు కొస చాలా భాగం కోసుకుపోయింది. చోటు చాలని పిట్టలు కొన్ని దక్షిణం వైపు సర్దుకున్న సంగతి ఏసుబాబుకి తెలియదు.

మర్నాడు తెల్లవారగానే భావనారాయణ చాప, నీళ్ళకుండ, తడిగుడ్డ పట్టుకుని దిబ్బ మీద దిగాడు. ఏసుబాబు పడవ వెనక్కి వెళ్ళిపోయింది. చుట్టూ చూస్తే ఇసుక, గవ్వలు, అలల నురుగు. మనిషి లేడు. భావనారాయణకు గుండె నిండినట్టయింది. చాప పరిచి కూర్చున్నాడు.

కళ్ళు మూసుకోగానే నెత్తిమీద అరుపు. కిక్, కిక్, కిక్ అంటూ ఒక పిట్ట చెవి పక్క నుంచి దూసుకుపోయింది. ఇంకోటి వచ్చింది. ఒకదాని వెనక ఒకటి పైకి లేవడం, రాయి పడ్డట్టు మీదికి దూకడం, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకోవడం. భుజం మీద రెట్ట పడింది. తడిగుడ్డ మీద పడింది. అతను కదలలేదు.

ఇది పరీక్ష అనుకున్నాడు.

ఎండ పెరిగింది. ఇసుక మీంచి సెగ లేస్తోంది. పిట్టలు అరుస్తూనే ఉన్నాయి. ఒకటి అతనికి ఎదురుగా దిగి, నోరు తెరుచుకుని రొప్పుతూ అటూ ఇటూ నడిచి, మళ్ళీ ఎగిరింది. కాసేపు కళ్ళు తెరిచినప్పుడు దాన్ని చూశాడు గానీ, చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వెనకటి రోజుల్లో అయితే రాయి తీసి విసిరేవాణ్ణి అనుకున్నాడు. ఇప్పుడు కోపం రాలేదు. అది గమనించి లోలోపల సంతోషించాడు.

రెండో రోజు కూడా అరుపులే, కానీ కాస్త తగ్గాయి. మధ్యాహ్నం దాటేసరికి పూర్తిగా ఆగిపోయాయి. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం దాకా భావనారాయణ కూర్చున్న కూర్చోవడం ముందెన్నడూ కూర్చోలేదు. పడవ ఎక్కేటప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కి తూలాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

గురువుగారు పాక అరుగు మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తున్నారు. అతను వెళ్ళి కింద కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగారాయన.

"మొదట పిట్టలు చాలా గోల చేశాయండి. మీద మీదికి వచ్చాయి. నేను చలించలేదు."

"ఊఁ."

"ఇవాళ వాటంతట అవే ఊరుకున్నాయండి."

కాయ ఒలుస్తున్న వేళ్ళు ఆగాయి.

"ఊరుకున్నాయా?"

"అవునండి. మధ్యాహ్నం నుంచి ఒక్కటి కూడా రాలేదు."

గురువుగారు ఒళ్ళోని పొట్టు దులుపుకోలేదు. ఏటి వైపు చూస్తూ ఉండిపోయారు. అతను ఆయన ముఖం చూసి, తను చెప్పింది ఆయన లోపలికి దిగిందని సంతోషపడ్డాడు.

"రేపు నేనూ వస్తాను," అన్నారాయన.

"మీరా? ఆ ఎండలోనా?"

"పొద్దున్నే ఆటుంటుంది, నా కాళ్ళతో ఆ బురద దాటలేను. నువ్వు ముందు వెళ్ళు. పోటు ఎక్కాక ఏసుబాబుతో వస్తా."

మర్నాడు గాలి మళ్ళింది. పాత చోట కూర్చుంటే ఇసుక ముఖాన కొడుతోంది. భావనారాయణ చాప తీసి ఎగువకు నడిచి, ఎప్పుడో సముద్రం తెచ్చి పడేసిన ఒక పెద్ద మాను చాటున పరుచుకున్నాడు. కూర్చున్నాడో లేదో, మళ్ళీ నెత్తిమీద అరుపు మొదలైంది.

ఈసారి రెండే పిట్టలు. కానీ మొదటివాటికంటే మొండివి. ఒకటి ముక్కుతో తలగుడ్డను తన్నుకుపోయినంత పని చేసింది. అతను చిన్నగా నవ్వుకుని ఊపిరి మీద మనసు పెట్టాడు. ఇవీ ఊరుకుంటాయి, అనుకున్నాడు.

ఎంతసేపు గడిచిందో. ఎక్కడో పడవ ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇసుకలో ఎవరో చాలా నెమ్మదిగా, ఆగి ఆగి నడుస్తున్న చప్పుడు. గురువుగారు వచ్చారని తెలుసుకున్నాడు. కళ్ళు తెరవలేదు. ఆయన తనను ఇలాగే చూడాలి.

అడుగులు అతని పక్కకు వచ్చి ఆగిపోయాయి.

ఆయన పిలవలేదు. కూర్చోలేదు. భావనారాయణ ఇంకా నిటారుగా అయ్యాడు. పిట్టలు అరుస్తున్నాయి. పక్కన ముసలి ఊపిరి బరువుగా వినిపిస్తోంది. ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు భుజం మీద చెయ్యి వేస్తారు అనుకుంటున్నాడు. ఆయన అలాగే ఉన్నారు. చివరికి అతనే ఉండబట్టలేక కళ్ళు తెరిచాడు.

గురువుగారు అతనికి వీపు చూపిస్తూ, ఎండకు ఎదురుగా నిలబడి ఉన్నారు. నీళ్ళలో దిగేటప్పుడు చెప్పులు పడవలో వదిలేసినట్టున్నారు, కాళ్ళు ఉత్తవి. తలగుడ్డ విప్పి రెండు చేతులతో పక్కకు చాపి పట్టుకున్నారు.  చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. ఎనభై దాటిన మనిషి. ఇసుక కాలిపోతోంది, ఆయన ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు ఎత్తి దించుతున్నారు.

"గురువుగారూ, కూర్చోండి. ఎండ," అంటూ కంగారుగా చాప మీద చోటు చూపించాడు.

"కూర్చుంటే నీడ పొట్టిదవుతుంది," అన్నారాయన.

భావనారాయణకు అర్థం కాలేదు. ఆయన నీడ వైపు చూశాడు. చాప అంచుకు జానెడు అవతల, మాను మొదట్లో, నీడ పడుతున్న చోట ఇసుక చిన్న గుంటగా ఉంది. గుంట చుట్టూ ఎవరో కావాలని పేర్చినట్టు గవ్వ ముక్కలు. మధ్యలో రెండు గుడ్లు. ఇసుక రంగే, ఇసుక మీది మచ్చలే. పొద్దుటి నుంచీ అతని మోకాలికి అంత దగ్గర్లో ఉన్నాయి. ఇందాకటిదాకా వాటిని కాచిన మాను నీడ అప్పుడే తప్పుకుంది.

అతను మోకాలిని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"లే," అన్నారు గురువుగారు మెల్లిగా. "పడవలోకి పోదాం."

పడవ దగ్గర ఏసుబాబు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పిట్టల తీరు చూసి అప్పటికే అతనికి సంగతి తెలిసిపోయింది.  ముగ్గురూ ఎక్కాక పడవను కొంచెం దూరం లాగి ఆపాడు.

పిట్ట మాను మీద గాలిలో ఆగి చూసింది. ఒకసారి చుట్టు తిరిగింది. దిగింది, దిగి గుంట దాకా నడిచి, ఏదో గుర్తుకు వచ్చినట్టు మళ్ళీ ఎగిరి నీళ్ళ అంచుకు వచ్చింది. అక్కడ అల మీద పొట్ట ఆనించి, ఈకలు బాగా తడుపుకుని, వెంటనే తిరిగి వెళ్ళింది. గుడ్ల మీద నిలబడి తడిపొట్టను వాటికి తాకించింది. తర్వాత రెక్కలు కాస్త విడదీసి, నోరు తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

పొద్దు నడినెత్తికి వస్తోంది. గుడ్లు దాని నీడలో ఉన్నాయి. దానికి నీడ లేదు.

భావనారాయణ చూస్తున్నాడు. అది కదలడం లేదు. గొంతు మాత్రం టకటకమని కొట్టుకుంటోంది. కాసేపటికి రెండోది వచ్చి పక్కన వాలింది. ఇది లేచింది, అది కూర్చుంది. మధ్యలో రెప్పపాటు కూడా ఎండ గుడ్ల మీద పడలేదు.

"ఎప్పటిదాకా ఇలా?" అని అడిగాడు.

"పొద్దు దిగేదాకానండి," అన్నాడు ఏసుబాబు. "ఇసక సల్లబడేదాకా. ఈ ఎండలో కాసేపు వదిలేస్తే సాలండి, గుడ్డు ఉడికిపోద్ది."

భావనారాయణ తల తిప్పి, దిగువన తన పాత చోటు వైపు చూశాడు.

"నేను మొన్నా నిన్నా కూర్చున్న చోటు..."

ఏసుబాబు గురువుగారి వైపు చూశాడు. 

"నన్ను దింపు," అన్నాడు భావనారాయణ.

తడి ఇసుక మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాడు. చాప పరిచిన ఆనవాలు ఇంకా చెరిగిపోలేదు. దాని వెనక, నాలుగడుగుల లోపే రెండు గుంటలు కనిపించాయి. ఒకదానిలో గుడ్డును పీత చిల్లు పెట్టి తినేసింది, పెంకు మిగిలింది. రెండోదానిలో గుడ్లు పైకి బాగానే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పొయ్యిలోంచి తీసిన రాయిలా చురుక్కుమంది. పడెయ్యలేదు, అలాగే పట్టుకున్నాడు.

తల ఎత్తి చూశాడు. అతని మీదికి ఏదీ రాలేదు. ఏదీ అరవలేదు. అలల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది, నిన్న మధ్యాహ్నం విన్నట్టే.

ఏటి మీదుగా తిరిగి వస్తున్నారు. ఒడ్డున మడ చెట్ల వేళ్ళ మీద నీటికుక్క ఒకటి చేపను రెండు చేతులతో పట్టుకుని కొరుక్కు తింటోంది. పడవను చూసి పక్కకు కూడా తిరగలేదు. సగం దూరం వచ్చాక ఏసుబాబు ఉండలేకపోయాడు.

"నా తప్పేనండి. నేనే సెప్పాను ఇటు కూర్చోమని. సూసి సెప్పాల్సింది."

"నువ్వు చెప్పావు. అతను విన్నాడు. నేను సరే అన్నాను," అన్నారు గురువుగారు. "ముగ్గురం ఉన్నాం లే ఇందులో."

ఒడ్డుకు చేరాక ఆయన పడవ దిగలేకపోయారు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. భావనారాయణ ఆయన్ని ఎత్తుకుని పాక దాకా తీసుకువచ్చాడు. కొబ్బరినూనె రాస్తుంటే ఆయన వద్దనలేదు. కళ్ళు మూసుకుని రాయించుకున్నారు.

రాత్రి భోజనానికి భావనారాయణ రాలేదు. గురువుగారే కుంటుకుంటూ అతని పాక దగ్గరికి కంచం తెచ్చారు.

"తిను."

"వద్దండి."

"ఆకలి లేకపోతే మానెయ్యి. శిక్ష అనుకుంటే మాత్రం తిను."

అతను కంచం అందుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక అన్నాడు. "నేనింక కూర్చోనండి గురువుగారూ. ఎప్పుడూ కూర్చోను."

"అదొక ప్రతిజ్ఞా?" అన్నారాయన. "పిట్టకు ఆ సంగతి ఎవరు చెబుతారు?"

అతను తినేదాకా ఉండి, ఖాళీ కంచం పట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే భావనారాయణ ఏసుబాబు ఇంటి ముందు నిలబడ్డాడు. ఇద్దరూ గుంజలు, తాడు వేసుకుని వెళ్ళారు. దక్షిణం కొసను దూరం నుంచి వెతికారు. ఒక పిట్ట ఎక్కడ దిగితే అక్కడ గుర్తు పెట్టుకుంటూ, ఎండ ఎక్కకముందే పని ముగించి బయటికి వచ్చేశారు. మాను చాటున ఉన్నది కాక ఇంకా కొన్ని గుంటలు దొరికాయి. వాటన్నిటికీ దూరంగా తాడు కట్టారు.

ఆ రోజు నుంచి దిబ్బకు ఎదురుగా, ఏటి ఇవతలి గట్టు మీద ఉన్న వాచర్ల పాక అతనికి చోటైంది. ఆటు సమయంలో ఏరు పలచబడితే ఊరకుక్కలు దిబ్బ మీదికి దాటేవి. అప్పుడు పంచె ఎగ్గట్టి, బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తేవాడు. కాకులు మూగితే రేకు డబ్బా కొట్టేవాడు. మోకాళ్ళ దాకా బురద, ముఖం నల్లబడిపోయింది. ఆశ్రమానికి వచ్చినవాళ్ళు కొందరు, చీమలకు కదలని ఆయన ఏడీ అని అడిగేవారు. ఏట్లో కుక్కల్ని తోలుతున్నాడని చెబితే నమ్మేవారు కాదు.

ఒక ఆదివారం అద్దె పడవలో ఒక కుటుంబం వచ్చింది. నడిపే మనిషి కొత్తవాడు. దిబ్బ చూసి ముచ్చటపడి, నేరుగా తాడు దగ్గరికే పోనిచ్చాడు. వాళ్ళలో ఒక పెద్దమనిషి అప్పటికే ఒక కాలు బయటపెట్టాడు. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి.

భావనారాయణ నీళ్ళలో పడి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఊపిరి అందడం లేదు.

"దిగకండి," అన్నాడు.

"ఫొటో తీసుకుని వెళ్ళిపోతాం. అయిదు నిమిషాలు."

"వద్దండి. గుడ్లున్నాయి."

"ఏవీ? కనబడ్డం లేదే?"

"కనబడవండి."

పెద్దమనిషికి చిరాకేసింది. బురదలో నిలబడ్డ ఈ మనిషిని కిందికీ పైకీ చూశాడు. "ఇంతకీ నువ్వెవరు? డిపార్టుమెంటా?"

"కాదండి."

"మరి నీకెందుకు?"

భావనారాయణకు ముఖంలోకి వేడి తన్నుకువచ్చింది. అతనికి బాగా తెలిసిన వేడి. కొట్టు మెట్ల మీద ముసలాయన మీద అరిచిన రోజున వచ్చిందే. చేతులు పిడికిళ్ళయ్యాయి. నెత్తిమీద పిట్టలు గుండెలు పగిలేలా అరుస్తున్నాయి. అతను ఒకసారి పైకి చూశాడు. పిడికిళ్ళు విప్పి, పడవ అంచు మీద రెండు చేతులూ ఆనించాడు.

"నేను ఇక్కడ ఒకసారి దిగినవాణ్ణండి," అన్నాడు.

పెద్దమనిషి తల ఎత్తి, అరుస్తున్న పిట్టల వైపు చూశాడు. ఆయన భార్య వెనక నుంచి, "రండి, వద్దులెండి," అంది. ఆయన కాలు లోపలికి తీసుకున్నాడు. భావనారాయణ పడవను వెనక్కి నెట్టి, అది మలుపు తిరిగేదాకా నీళ్ళలోనే నిలబడ్డాడు. తర్వాత తనూ త్వరగా వెనక్కి వచ్చేశాడు. పిట్టలు ఒక్కొక్కటే దిగాయి.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పడవవాడు చెప్పాడో, ఇంకెవరు చెప్పారో, గురువుగారి దాకా వచ్చింది. ఆ సాయంత్రం అతను ఆశ్రమానికి రాగానే ఆయన తన అరుగు మీద కాస్త జరిగి పక్కన చోటిచ్చారు. అతను కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఏటిని చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నాడో భావనారాయణ చూసుకోలేదు.

మృగశిర దాటాక మబ్బులు పట్టాయి. ఇసుక రంగు దూది ఉండల్లాంటి పిల్లలు గవ్వల మధ్య పరుగులు పెట్టడం దూరం నుంచే చూశాడు. మాను చాటున పొదిగినవాటిలో ఒక్కటే మిగిలింది. రెండోదాన్ని కాకి ఎత్తుకుపోతుంటే డబ్బా కొడుతూనే ఉన్నాడు, అది ఆగలేదు. మిగిలినది ఒకరోజు రెక్కలు విదిలించి, అడుగున్నర ఎత్తు లేచి, పక్కకు పడింది. వారం తిరిగేసరికి నీళ్ళ మీద తల్లి వెనక ఎగురుతోంది.

సముద్రం పొంగే రోజులు దగ్గరపడ్డాయి. గుంజలు, తాడు కొట్టుకుపోకముందే తీసేయాలని ఏసుబాబు బయలుదేరాడు. భావనారాయణ సాయం వెళ్ళాడు. గురువుగారు కూడా చేతికర్ర పట్టుకుని పడవెక్కారు. కాళ్ళు మానాయి గానీ నడక నెమ్మదించింది.

దిబ్బ మీద ఒక్క పిట్ట లేదు. చినుకులు పడి ఇసుక మెత్తగా, చల్లగా ఉంది.

భావనారాయణ తాడు దాటి లోపలికి అడుగుపెట్టాడు. పెట్టి ఆగాడు. ముందున్న ఇసుకను చూసి, ఇంకో అడుగు వేశాడు. మళ్ళీ ఆగి చూశాడు. చేరెడు గవ్వల గుంపు కనిపిస్తే దాన్ని చుట్టి వెళ్ళాడు.

గుంజ పీకుతున్న ఏసుబాబు నవ్వాడు. "అన్నీ ఎగిరిపోయాయండి. ఇంక పర్లేదు, మామూలుగా నడవండి."

"ఆఁ," అన్నాడు భావనారాయణ. అలాగే నడిచాడు.

ఒడ్డున నిలబడ్డ గురువుగారు కాసేపు అతన్ని చూశారు. తర్వాత కర్ర ఊనుకుని బయలుదేరారు. ఇసుక మీద భావనారాయణ పాదాలు పడిన చోటల్లా తన పాదం పెడుతూ, అతని వెనకే నెమ్మదిగా వెళ్ళారు.